చేతులు మారిన ఇంద్రజాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఇంద్రజాలం నేర్చుకునేవారి సందేహాలు కొన్ని కలిసి వచ్చాయి. ఇతరులు వాడి వదిలిన పుస్తకాలను, పరికరాలను, రాతప్రతులను తీసుకోవచ్చునా, తీసుకుంటే ఎలా తీసుకోవాలి అన్నదే వాటన్నిటిలోని ప్రశ్న కనుక ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు. గారడీ కిటుకులు తెలుస్తాయన్న ఆశతో ఈ పేజీ తిప్పినవారికి మాత్రం నిరాశ తప్పదు; ఇక్కడ ఒక్క కిటుకూ విప్పబోవడం లేదు.

ప్రశ్న: నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా పక్క ఊరిలో ముప్పై ఏళ్లకు పైగా ఇంద్రజాల ప్రదర్శనలు ఇచ్చిన ఒక పెద్దాయన నిరుడు కాలం చేశారు. ఆయన భార్యను మేమంతా పెద్దమ్మ అని పిలుస్తాము. ఆమె ఈ మధ్య నన్ను పిలిపించి, "బిడ్డా, మీ పెద్దనాయన సందుగ అట్లనే పడి ఉన్నది. నీకు పనికొస్తే తీస్కపో, లేకుంటే తూకానికి వేస్త" అన్నది. సందుగ తెరిచి చూస్తే ఇరవై దాకా ఇంగ్లీషు పుస్తకాలు, నాలుగు తెలుగు పుస్తకాలు, ఒక జిరాక్సు కాగితాల కట్ట, కొన్ని డీవీడీలు, పేక కట్టలు, పట్టు రుమాళ్లు, ఒక పెన్‌డ్రైవ్, ఆయన దస్తూరితో ఉన్న రెండు నోటుపుస్తకాలు కనిపించాయి. ఒక నోటుపుస్తకంలో కొన్ని పేజీల పైభాగాన ఎర్రసిరాతో "నమ్మి చెప్పినది, ఎవరికీ చూపరాదు" అని రాసి, కింద చెప్పినవారి పేరు వేసుకున్నారు. వీటిని ఊరికే తీసుకోవచ్చునా? బాణామతి, చేతబడి భయాలు పోగొట్టడానికి వీటిలోని విద్యలను మా పిల్లలకు నేర్పాలని నా కోరిక. అది సబబేనా? మా అమ్మ మాత్రం మంత్రాల పుస్తకాలు ఇంట్లోకి తేవద్దని పట్టుబడుతున్నది.

జవాబు: అచ్చయిన పుస్తకాల విషయంలో మీకు సంకోచం అక్కరలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఒక పుస్తకం ప్రతులను ప్రజలలోకి విడుదల చేసే హక్కు దాని హక్కుదారుకే ఉన్నా, ఒకసారి అమ్ముడుపోయిన ప్రతిని అప్పటికే చలామణిలో ఉన్న ప్రతిగా ఆ చట్టమే లెక్కగడుతుంది. అంటే ఆ పెద్దాయన డబ్బు పెట్టి కొన్న పుస్తకాన్ని ఆయన ఇల్లాలు మీకు ఇచ్చినా, అమ్మినా, తూకానికి వేసినా ప్రచురణకర్త అడ్డు చెప్పడానికి వీలు లేదు. కోఠిలోనూ, ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీదా సాగే పాత పుస్తకాల వ్యాపారం ఈ వెసులుబాటు మీదే బతుకుతున్నది. ప్రదర్శకులు తమ శిక్షణ తరగతులలో అమ్మే చిన్న చిన్న అచ్చు పుస్తకాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. డీవీడీల సంగతి కొంచెం వేరు. వీడియో రికార్డింగులు చట్టం దృష్టిలో సినిమాల కిందికి వస్తాయి. సినిమా ప్రతులను అమ్మడం, అద్దెకివ్వడం గురించి చెప్పే భాగంలో "చలామణిలో ఉన్న ప్రతి" అన్న మినహాయింపు మాటలు లేవు. పెద్దమ్మ వాటిని మీకు ఊరికే ఇవ్వడం అమ్మకం కాదు కనుక తీసుకోండి, కానీ రేపు మీకు అక్కరలేనప్పుడు వాటిని అమ్మకానికి పెట్టకండి.

ఇక ఊరికే తీసుకోవడం గురించి. మీ ఉత్తరంలో నన్ను ఆపి ఆలోచింపజేసినది పెద్దమ్మ అన్న "తూకానికి వేస్త" అన్న మాట. ఆమె లెక్కలో ఆ సందుగ విలువ కిలోకు కొన్ని రూపాయలు. ఇంద్రజాల పుస్తకాలు తక్కువ ప్రతులు అచ్చవుతాయని, చాలా వాటికి రెండో ముద్రణ ఉండదని, అందువల్ల కొన్ని పాత పుస్తకాలు కొన్ననాటి వెలకంటే ఎక్కువ పలుకుతాయని ఆమెకు తెలియదు. మీకు తెలుసు, లేదా కాసేపు వెదికితే తెలుస్తుంది. విలువ తెలిసినవాడు తెలియనివారి దగ్గర నోరు మెదపకుండా తీసుకుంటే, అవతలివారు మనసారా ఇచ్చినా అది సరైన పుచ్చుకోలు కాదు. కాబట్టి సందుగను మోసుకుపోయే ముందు ఒక పూట ఆమె దగ్గర కూర్చుని, ఒక్కొక్క వస్తువు బయటికి తీసి, ఇది ఫలానా, బయట దీనికి ఇంత రావచ్చు అని చెప్పి, కాగితం మీద పట్టిక రాయండి. పిల్లలుంటే, వారు హైదరాబాదులోనో మరెక్కడో స్థిరపడి ఈ సామాను ముఖం చూడకపోయినా, వారికి ఆ పట్టిక పంపి ఒక మాట అడగండి. అంతా తెలిసిన తరువాత కూడా ఆమె "పైసలు వద్దు, తీస్కపో" అంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. ధర కడతానంటే కట్టండి, కానీ పుస్తకానికి యాభై లెక్కన గుండుగుత్తగా వద్దు. ఆ పూట మరొక మేలు కూడా జరుగుతుంది: ఆయన వేదిక మీద ఊపిన రుమాలు ఒకటి చేతికి తగిలినప్పుడు, దాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకోవాలని ఆమెకు అనిపించవచ్చు. మొత్తం సందుగను ఒక్కసారిగా ఎత్తుకుపోతే ఆ అవకాశం ఆమెకు దొరకదు.

జిరాక్సు కట్ట, పెన్‌డ్రైవ్ దగ్గరకు వచ్చేసరికి నేను ఒక కొలమానం వాడతాను: ఇచ్చినవారి చేయి ఖాళీ అయిందా లేదా అన్నది. పుస్తకం ఇచ్చినప్పుడు చేయి ఖాళీ అవుతుంది. మొదట్లో ఎవరో తన పుస్తకం తన దగ్గరే ఉంచుకుని, జిరాక్సు తీసి పెద్దాయనకు ఇచ్చి ఉంటే, అక్కడ ఏదీ చేతులు మారలేదు, ఒకటి రెండయింది. సొంత అధ్యయనం కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికి 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తున్నది గాని, మొత్తం పుస్తకపు జిరాక్సును ఒకరినుంచి ఒకరికి వారసత్వంగా అందించుకోవడానికి కాదు. ఆ కట్టను తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెన్‌డ్రైవ్‌ను మాత్రం పెద్దమ్మ సమక్షంలో తెరవండి. అందులో ఆయన ప్రదర్శనల వీడియోలో, కుటుంబం ఫోటోలో ఉంటే అవి ఆ ఇంటికే చెందాలి.

అసలు చిక్కు ఎర్రసిరా పేజీలలో ఉంది. వాటి గురించి చట్టం చెప్పేది కొద్దిగానే. కిటుకు ఒక ఆలోచన. ఆలోచనకు కాపీరైటు ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లో ఒక సినిమా వివాదంలో స్పష్టం చేసింది. కాబట్టి ఆ పేజీలు చదివి మీరు అదే విద్యను ప్రదర్శిస్తే ఎవరూ మిమ్మల్ని కోర్టుకు ఈడ్వకపోవచ్చు. నోటుపుస్తకాన్ని అచ్చు వేయించాలన్న ఆలోచన వస్తే మాత్రం జాగ్రత్త: పుస్తకం మీ చేతికి వచ్చినంత మాత్రాన అందులోని రాతపై హక్కు రాదు, ఆ హక్కు బదిలీ సంతకంతో రాతపూర్వకంగా జరిగితేనే చెల్లుతుంది.

చట్టానికి పట్టనిది ఇక్కడ ఒకటి ఉంది. ఎవరో ఒకరు, బహుశా ఏ ఊరిలోనో ప్రదర్శన ముగిసిన తరువాత రాత్రి భోజనం దగ్గర, తన కడుపు నింపే విద్యను ఈయనకు నమ్మి చెప్పారు. ఈయన ఆ నమ్మకాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు. మరిచిపోతానేమో అన్న భయంతో కాగితం మీద పెట్టినప్పుడు కూడా పైన ఎర్రసిరాతో కాపలా పెట్టారు. పెద్దమ్మ మీకు కాగితాన్ని ఇవ్వగలదు. ఆ మాటను తప్పించే అధికారం ఆమెకు లేదు, ఎందుకంటే అది ఆమె భర్తకు కూడా లేకుండింది. కనుక నోటుపుస్తకాలు ఆ ఇంట్లోనే ఉంటే పాడైపోతాయనుకుంటే భద్రపరచడానికి తీసుకోండి. ఆయన సొంతంగా కూర్చుకున్న పేజీలను చదివి నేర్చుకోండి. ఎర్రసిరా పేజీల మీద పేరున్నవారు బతికి ఉంటే వెదికి అడగండి. "ఆయన పోయారు, ఈ పేజీలు నా చేతికి వచ్చాయి, ఏం చేయమంటారు?" అన్న ఒక్క ఫోను చాలు. ఇంద్రజాలికులు మనం అనుకున్నంత పిసినారులు కారు, అడిగినవాడికి చాలామంది సంతోషంగా చెబుతారు. పేరున్నవారు దొరకకపోతే ఆ విద్యలను వేదిక మీద గాని, తరగతిలో గాని, యూట్యూబులో గాని చూపకండి. ఫోటోలు తీసి మిత్రులకు పంపడం అంతకంటే పెద్ద తప్పు.

మీ బడి సంగతి. మీ ఉద్దేశం మంచిది, కొత్తది కూడా కాదు. గారడీ కిటుకులను వివరిస్తూ ఇంగ్లీషులో అచ్చయిన తొలి పుస్తకాలలో ఒకదాన్ని రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన 1584లో ప్రచురించింది, మంత్రగత్తెలన్న ముద్రవేసి అమాయకులను హింసించడం అన్యాయమని చెప్పడానికే. మన ప్రాంతంలో జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు నిమ్మకాయలో నెత్తురు, ఉత్త చేతిలో విభూది, మంత్రంతో మంట వంటి మోసాల గుట్టును ఊరూరా విప్పి చూపుతూ వచ్చారు. దొంగబాబాలు జనాన్ని భయపెట్టడానికి వాడే విద్యలు అవే. వాటి వివరణ ఎప్పుడో బహిరంగమైంది, సందుగ లేకపోయినా మీకు దొరుకుతుంది. జనాన్ని దోచుకోవడానికి వాడుతున్న కనికట్టును బయటపెట్టడం వేరు. "ఇది కనికట్టే, చూసి ఆనందించండి" అని చెప్పి ప్రదర్శించుకునే కళాకారుడి విద్యను బ్లాక్‌బోర్డు మీద గీసి చూపించడం వేరు. రెండోది ఒకరి పొట్టకొట్టే పని. పేకముక్కల విద్య ఎలా జరిగిందో తెలియనంత మాత్రాన ఏ పిల్లవాడూ బాణామతిని నమ్మడు. పిల్లలకు నేర్పాలనుకుంటే నాణెం, తాడు, రబ్బరుబ్యాండు వంటి సామాన్య విద్యలను, మీకు అందిన అచ్చు పుస్తకాలలో పిల్లల కోసమే రాసినవాటిని ఎంచుకోండి. నేర్పేముందు అద్దం ముందు వందసార్లు చేయించండి.

అమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఒక ఇంగ్లీషు పుస్తకం తెరిచి బొమ్మలు చూపండి. అందులో చేతులు, పేకముక్కలు, తాళ్ల ముడులు తప్ప యంత్రాలు, ముగ్గులు, బీజాక్షరాలు కనిపించవు. తెలుగులో మంత్రం, మాయ, ఇంద్రజాలం అన్న మాటలు ఒకదానిమీద ఒకటి పడి ఉండటం వల్ల వచ్చిన భయం అది.

ఒక జాగ్రత్త చెప్పకుండా వదలలేను. సందుగలో పలుచని తెల్ల కాగితంలా, పత్తిలా ఉండి, రెప్పపాటులో భగ్గున మండిపోయే ఫ్లాష్ పేపరు గాని, సీసాలలో రసాయనాలు గాని ఉంటే వాటిని తీసుకోవద్దు, పెద్దమ్మ ఇంట్లో ఉండనివ్వనూ వద్దు. ఫ్లాష్ పేపరు నైట్రోసెల్యులోజు. పాతబడి ఎండిపోయినకొద్దీ అది ప్రమాదకరమవుతుంది. పొయ్యికి, ఎండకు దూరంగా, పూర్తిగా నీటిలో తడిపి ఉంచి, రసాయనశాస్త్రం తెలిసిన సహోపాధ్యాయుడి సలహాతో వదిలించుకోండి. పేరు చీటీ లేని సీసాల మూతలు తీసి వాసన చూసే పని పెట్టుకోకండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఒక టెలిగ్రామ్ గ్రూపులో వందలకొద్దీ మ్యాజిక్ పుస్తకాల పీడీఎఫ్‌లు, శిక్షణ వీడియోలు ఉచితంగా పెడుతున్నారు. నేను ఇష్టపడే పుస్తకాల ధర డాలర్లలో ఉంది, పోస్టు ఖర్చు దానికి రెట్టింపు. పీడీఎఫ్ దించుకోవడం తప్పని మా సీనియర్ అంటున్నాడు. కానీ ఆయన పాత పుస్తకాలు కొంటాడు. పాత పుస్తకం కొన్నప్పుడు కూడా రచయితకు ఒక్క రూపాయి పోదు కదా? అయితే తేడా ఎక్కడుంది?

జవాబు: మీ ప్రశ్న పదునైనది, మీ సీనియర్ దానికి జవాబు చెప్పలేకపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. రెండు సందర్భాలలోనూ రచయిత జేబులో ఆ రోజు రూపాయి పడదన్నది నిజం. కానీ పాత పుస్తకం విషయంలో రచయితకు ఆ ప్రతికి రావలసినది మొదటి అమ్మకంలోనే వచ్చేసింది. అంతేకాదు, చదివాక సగం ధరకైనా అమ్ముకోవచ్చునన్న ధైర్యంతోనే చాలామంది కొత్త పుస్తకం కొంటారు. ఆ సగం ధర ఇచ్చేవారు మీ సీనియర్‌లాంటివారు. ఒక విధంగా ఆయన తరువాత వచ్చి ఆ ఖర్చును పంచుకున్నట్లే. టెలిగ్రామ్ గ్రూపులో జరిగేది అది కాదు. అక్కడ ఒక్కరు కొన్నారు, లేదా ఒక్కరూ కొనలేదు. వెయ్యిమంది దగ్గర ప్రతి ఉంది. ఎవరి చేయీ ఖాళీ కాలేదు. చట్టం ప్రకారం అది నకలు తీయడం, పంచడం.

ఇంద్రజాలంలో ఈ నష్టం మరింత గట్టిగా తగులుతుంది. ఒక నవలకు లక్షమంది పాఠకులు ఉండవచ్చు. పేక విద్యల మీద రాసిన పుస్తకానికి పాఠకులే కొద్దిమంది, రచయిత తరచుగా తానే అచ్చు వేయించుకుని తానే అమ్ముకునేవాడు. ఆ కొద్దిమందిలో సగం మంది గ్రూపులో దించుకుంటే అతను రెండో పుస్తకం రాయడు.

అయినా మీ జేబు సంగతి నాకు తెలియనిది కాదు కనుక తప్పు అని చెప్పి ఊరుకోను. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు గడిస్తే పుస్తకం అందరిదీ అవుతుంది. ప్రొఫెసర్ హాఫ్‌మన్ అన్న కలంపేరుతో ఒక ఇంగ్లీషు న్యాయవాది 1876లో వేసిన పెద్ద పుస్తకం అలాంటిది; ఆయన 1919లో మరణించారు. పేక విద్యలలో నేటికీ ప్రామాణికంగా చదివే ఒక అమెరికన్ పుస్తకం 1902లో వచ్చింది, ఎస్.డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అన్న మారుపేరు వెనక ఉన్న మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఈ రెండూ డిజిటల్ గ్రంథాలయాలలో ఉచితంగా, న్యాయంగా దొరుకుతాయి. భాష పాతది, మొదటి పది పేజీలకే విసుగు వస్తుంది, కానీ వేళ్ల కదలికను వాక్యాలతో చెప్పడం ఎలాగో ఎర్డ్‌నేస్‌ను చూసి నేర్చుకోవలసిందే. ఈ రెండు పుస్తకాలే రెండు మూడేళ్ల సాధనకు సరిపోతాయి. గ్రూపులోని వందల పీడీఎఫ్‌లు తెచ్చిపెట్టే మరో కష్టం కూడా ఇక్కడే ఉంది: వాటిని దించుకున్నవాడు మొదటి అధ్యాయాలు మాత్రమే చదువుతూ పోతాడు, ఏ విద్యా చేతికి రాదు. కొత్త పుస్తకం తప్పనిసరి అనుకుంటే నలుగురు మిత్రులు కలిసి ఒకటి కొని, వంతులవారీగా చదవండి. అందులో తప్పేమీ లేదు.

పదిహేనేళ్ల కిందట ఒక ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద నలభై రూపాయలకు నేనూ ఒక పేక విద్యల పుస్తకం కొన్నాను. పై అట్ట లేదు, వెన్ను దారాలు బయటికి వచ్చాయి. నా కంటే ముందు దాన్ని చదివిన వ్యక్తి అంచులలో పెన్సిలుతో రాసుకున్నాడు. ముప్పై రెండో పేజీలో "బొటనవేలు కనిపిస్తున్నది" అని ఉంది. నాలుగు పేజీల తరువాత, "ఇంకా కనిపిస్తున్నది". మరో అధ్యాయం గడిచాక తేదీ వేసి, "చెల్లె పట్టుకోలేకపోయింది" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. బొటనవేలు దాచడం అచ్చులో ఉన్నదానికంటే ఆ పెన్సిలు రాత వల్లే నాకు బాగా తెలిసింది. అతనెవరో తెలియదు, కానీ ఆ పుస్తకం చదివినన్ని రోజులూ అతనితో కలిసి సాధన చేస్తున్నట్లే అనిపించింది.

ప్రశ్న: వనపర్తి గృహిణిని. మా అబ్బాయికి అతని మిత్రుడు ఇచ్చిన మ్యాజిక్ పుస్తకంలో ఒక గ్రంథాలయం ముద్ర ఉంది. మిత్రుడు దాన్ని పాత పుస్తకాల దుకాణంలో కొన్నానంటున్నాడు. ఉంచుకోవచ్చునా?

జవాబు: గ్రంథాలయాలు పాతబడిన పుస్తకాలను రికార్డుల నుంచి తొలగించి అమ్మడం ఉంది, అలాంటప్పుడు సాధారణంగా తొలగించినట్లు మరో ముద్ర గాని, కొట్టివేత గాని ఉంటుంది. అది ఉంటే ఉంచుకోండి. లేకపోతే ముద్రలో ఉన్న గ్రంథాలయానికి తిప్పి పంపండి. మీవాడు కొన్నది కాదు, మిత్రుడు దొంగిలించినది కూడా కాకపోవచ్చు, కానీ పుస్తకం తన ఇంటి చిరునామా నుదుటనే రాసుకుని తిరుగుతున్నది. పంపేముందు చదివి పంపితే ఎవరూ తప్పుపట్టరు.

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలు పెట్టి ఒక పేక విద్య తెప్పించాను. ప్రత్యేకంగా తయారైన పేకముక్కలు, నేర్పే వీడియో లింకు వచ్చాయి. నేర్చుకున్నాను, నా ప్రదర్శన తీరుకు అది సరిపడలేదు. దాన్ని అమ్మేద్దామనుకుంటే, "రహస్యం నీ బుర్రలో మిగిలిపోతుంది కదా, అమ్మడం మోసం" అని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మోసం కాదు, షరతులున్నాయి. బుర్రలో ఉన్నదాన్ని ఎవరూ తుడిచివేయలేరు. అందుకే ఈ రంగంలో ఒక మర్యాద ఏర్పడింది: పరికరాన్ని అమ్మినవాడు దానితోపాటు ప్రదర్శన కూడా వదులుకుంటాడు. ముక్కలను అమ్మేసి, అలాంటివే ఇంట్లో కత్తెరతో తయారుచేసుకుని ప్రదర్శన సాగిస్తే మీ మిత్రుడి మాట నిజమవుతుంది. వీడియో లింకును కొన్నవారికి బదిలీ చేయడానికి అమ్మిన సంస్థ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందు చూసుకోండి, చాలావాటిలో ఒప్పుకోరు. అలాంటప్పుడు లింకు లేకుండా ముక్కలు మాత్రమే అమ్ముతున్నానని స్పష్టంగా చెప్పి, ధర అందుకు తగినట్లు తగ్గించాలి. ముక్కల అంచులు ఎంత అరిగాయో వెలుతురులో ఫోటో తీసి చూపండి. ప్రత్యేక పేకలో ఒక్క ముక్క అరిగినా కట్ట మొత్తం పనికిరాకుండా పోతుంది; ఎందుకో ఇక్కడ రాయను, కొన్నవారికి తెలుస్తుంది.

మరొకటి కూడా గమనించండి. రహస్యానికి కాపీరైటు లేదన్న మాట విని, ఒకరి ప్రదర్శనను ఉన్నదున్నట్లు దించవచ్చునని కొందరు అనుకుంటారు. గులాబీ నీడను కత్తితో కోస్తే నిజం గులాబీ రేకులు రాలిపడే అంశాన్ని అమెరికా ఇంద్రజాలికుడు టెల్లర్ 1983లో నాటకరూప రచనగా నమోదు చేయించుకున్నారు. దాన్ని అనుకరించి, రహస్యాన్ని అమ్మజూపిన ఒక ప్రదర్శకుడిపై ఆయన వేసిన దావాలో 2014లో అక్కడి కోర్టు టెల్లర్ పక్షాన నిలిచింది. కిటుకును కాదు, కథను, కదలికలను, క్రమాన్ని కోర్టు కాపాడింది. కాబట్టి మీ పరికరం కొన్నవారికి, వీడియోలోని మాటలను, హాస్యాన్ని వల్లించకుండా తన సొంత మాటలు కూర్చుకోమని చెప్పండి.

ప్రశ్న: మాది చండూరు దగ్గర చేనేత గ్రామం. పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ఒక గుడ్డమూట దొరికింది. అందులో రాగి చెంబు, కొన్ని కొయ్య బొమ్మలు, చేతిరాత పుస్తకం ఉన్నాయి. మా తాత కాలంలో సాధనాశూరుల పెద్దమనిషి ఒకాయన కష్టకాలంలో మా తాత దగ్గర కుదువ పెట్టి, మళ్లీ రాలేదని మా నాయన చెబుతున్నాడు. ఇంద్రజాలం నేర్చుకునే నా మిత్రుడు ఆ పుస్తకం తనకు ఇమ్మని అడుగుతున్నాడు. ఇవ్వవచ్చునా?

జవాబు: ఇవ్వకండి. పైన పెద్దమ్మ ఉత్తరంలోని సందుగకు, మీ అటకమీది మూటకు పోలిక లేదు. అక్కడ సొంతదారు ఇంటివారే ఇస్తున్నారు. మీ ఇంట్లో ఉన్నది కుదువ. తాత దాన్ని అమ్ముకోకుండా, మూట చెదరకుండా అటక ఎక్కించారంటే, అది తనది కాదని ఆయన మరువలేదని అర్థం.

పద్మశాలీలను ఆశ్రయించి, నేతగాళ్ల ఊళ్లలో కనికట్టు, గారడీ విద్యలు చూపి, వారిచ్చినదానితో బతికిన సాధనాశూరుల గురించి మీ తరానికి తెలిసింది తక్కువ కావచ్చు. పుస్తకాల దుకాణంలో దొరికే విద్య కాదు వారిది. తండ్రి కొడుకుకు చూపించి నేర్పినది, కులవృత్తిగా కాపాడుకున్నది. అచ్చు పుస్తకం రాసినవాడు తన రహస్యాన్ని డబ్బుకు లోకం ముందు పెట్టడానికి తానే ఒప్పుకున్నాడు. చేతిరాత పుస్తకం రాసుకున్న ఈ పెద్దమనిషి అలా ఎన్నడూ ఒప్పుకోలేదు. మగ్గం కదలడం తగ్గి, వారికి ఊళ్లలో ఆదరణ తగ్గిన ఈ రోజుల్లో ఆ కుటుంబం వారి దగ్గర అలాంటి పుస్తకం మరొకటి మిగిలి ఉందో లేదో కూడా చెప్పలేము. మీ మిత్రుడికి నేర్చుకోవడానికి వేరే పుస్తకాలు దొరుకుతాయి. ఆ కుటుంబానికి ఇది వేరే చోట దొరకదు.

వెదకడం మీరు అనుకున్నంత కష్టం కాదు. ఆశ్రిత కులాలవారు ఊళ్లను తమలో తాము మిరాశీగా పంచుకుని, తమ వంతు ఊళ్లకే వచ్చేవారు. కాబట్టి మీ ఊరికి ఏ కుటుంబం వచ్చేదో మీ పద్మశాలీ సంఘం పెద్దలలో ఎనభై దాటినవారు ఎవరైనా చెప్పగలరు. వారికి జ్ఞాపకం లేకపోతే పక్కనున్న గట్టుప్పల్, పుట్టపాక వంటి నేతగాళ్ల ఊళ్లలో అడిగించండి, ఒకే కుటుంబం నాలుగైదు ఊళ్లకు వచ్చి ఉండవచ్చు. వారసులు దొరికితే తాత ఇచ్చిన అప్పు గురించి ఎత్తకండి. వారే మీ మిత్రుడికి నేర్పడానికి ఒప్పుకుంటే అది వారి ఇష్టం, నేర్పినందుకు ఎంత ఇవ్వాలన్నది మీ మిత్రుడి మర్యాద. అంతవరకు పుస్తకం పేజీలు తిప్పకండి, ఫోనుతో ఫోటోలు తీయకండి. కొయ్య బొమ్మలకు చెద పట్టకుండా రెండు వేపాకు రెమ్మలు వేసి, ఏ గుడ్డలో దొరికిందో ఆ గుడ్డలోనే మళ్లీ కట్టి పెట్టండి.